తెరమీది లెక్కల యంత్రము

కంప్యూటరు విద్య నేర్వబూనిన వారిచేత తొలి దినములలో చేయించు అభ్యాసములలో లెక్కల యంత్రము ఒకటి. సంగీతము నేర్చువారికి సరళీ స్వరములెట్లో వీరికి ఇది అట్లు. తెరమీద ఒక చిన్న పెట్టె. దానిలో సున్న మొదలు తొమ్మిది వరకు పది మీటలు. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారములకు నాలుగు. దశాంశ బిందువునకు ఒకటి, సమానమునకు ఒకటి, తుడుపునకు ఒకటి. పైన ఫలితము కనిపించుటకు ఒక గడి. ఇంతకన్న సామాన్యమైన వస్తువు వేరొకటి కనబడదు. ఎక్కాలు వచ్చిన పిల్లవాడైనను ఇది ఏమి చేయవలెనో చెప్పగలడు. అయినను ప్రోగ్రామును పంక్తులు పంక్తులుగా వ్రాయుటకు బదులు బొమ్మ గీసినట్లు కూర్చుకొనవచ్చునను ఊహ ఎట్లు పెరిగినదో తెలిసికొనుటకు ఈ చిన్న పెట్టె చరిత్రను మించిన దారి లేదు.

ముందుగా ఒక విచిత్రము. తెరమీది లెక్కల యంత్రము కంప్యూటరునకు బిడ్డ అని తోచును. కాని వరుస తిరగవేసి చూచినను తప్పు కాదు. 1961లో ఇంగ్లాండులో అనిటా అను ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రము బల్లమీద పెట్టుకొను పరిమాణములో అమ్మకమునకు వచ్చినది. ఆ దశకము ముగియు నాటికి జపానులోని బిజికామ్ అను సంస్థ తన లెక్కల యంత్రములకు కావలసిన చిప్పులను చేసి ఇమ్మని అమెరికాలోని ఇంటెల్ సంస్థను కోరినది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిప్పు చేయుటకన్న, ఏ ఆదేశములిచ్చిన ఆ పని చేయు చిప్పు ఒకటి చేసిన మేలు గదా అని అక్కడి ఇంజనీరు టెడ్ హాఫ్ తలచినాడు. ఫెడరికో ఫాజిన్, స్టాన్లీ మేజర్, బిజికామ్ పక్షమున వచ్చిన మసతోషి షిమా ఈ పనిలో పాలుపంచుకొన్నారు. 1971 నవంబరులో వెలువడిన ఆ చిప్పునకు 4004 అని పేరు. దానిలో సుమారు 2,300 ట్రాన్సిస్టరులు ఉండెడివి. చిన్న కంప్యూటరుల వంశమునకు అదియే మూలపురుషుడు. లెక్కల యంత్రము కడుపున మైక్రోప్రాసెసరు పుట్టినది. పదేండ్లు తిరుగకముందే ఆ బిడ్డ తల్లిని తన తెరమీద కూర్చుండబెట్టుకొన్నది.

తెరమీద బొమ్మతో కంప్యూటరును నడుపవచ్చునను ఊహ దీనికి ముందే ఉన్నది. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును తన పరిశోధనగా సమర్పించినాడు. కాంతి కలముతో తెరమీదనే గీత గీసి, ఈ రెండు గీతలు సమానముగా ఉండవలెనని చెప్పిన, యంత్రము ఆ నియమమును తప్పక పాటించెడిది. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును జనుల ఎదుట ప్రదర్శించినాడు. 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో ఆల్టో అను కంప్యూటరు తయారైనది. 1975లో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధనలో చిన్న చిన్న బొమ్మలతోనే ప్రోగ్రాము నిర్మించు పద్ధతిని వివరించి, ఆ బొమ్మలకు ఐకాన్ అని పేరు పెట్టినాడు. ఇవన్నియు పరిశోధనాలయముల గోడలలోపలి మాటలు. మామూలు పనివాని చేతికి అవి ఇంకను రాలేదు.

1982 ఆరంభమున ఆపిల్ సంస్థలో మాకింటోష్ కంప్యూటరు నిర్మాణము సాగుచున్నది. క్రిస్ ఎస్పినోసా పదునాలుగేండ్ల వయస్సుననే, 1976లో, ఆ సంస్థలో చేరిన కుర్రవాడు. ఉద్యోగుల పట్టికలో అతనిది 8వ సంఖ్య. మాకింటోష్‌ను గూర్చి వివరణ గ్రంథములు వ్రాయించు బాధ్యత అతనిమీద పడినది. తెరమీద గీతలు, గడులు, అక్షరములు గీయుటకు బిల్ అట్కిన్‌సన్ వ్రాసిన క్విక్‌డ్రా అను సాధనము ఒకటి ఉన్నది. దానిని గూర్చి పరులకు బోధింపవలెనన్న ముందు తాను వాడి చూడవలెను గదా అని, ఎస్పినోసా ఒక చిన్న నమూనా ప్రోగ్రాము చేయబూనినాడు. అతడు ఎన్నుకొన్నది లెక్కల యంత్రమునే.

ఈ ఎన్నికకు తగిన కారణము కూడ ఉన్నది. మాకింటోష్‌లో ఒక సమయమున ఒకే ప్రోగ్రాము నడుచునట్లు ఏర్పాటు. 1984లో అది బజారునకు వచ్చినప్పుడు దాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. ఉత్తరము వ్రాసికొనుచు నడుమ ఒక కూడిక వేసికొనవలసివచ్చిన, ఉత్తరమును మూసి మరియొక ప్రోగ్రామును తెరచుట ఎంత తలనొప్పి! అందువలన బల్లమీద గడియారము, కాగితముల పుస్తకము, లెక్కల యంత్రము ఉన్నట్లే, ఏ ప్రోగ్రాము నడుచుచున్నను పైకి తీసికొనదగిన బుల్లి సాధనములు కొన్ని ఉండవలెనని అక్కడివారు నిశ్చయించుకొన్నారు.

ఎస్పినోసా తన యంత్రమును ముచ్చటగా తీర్చి స్టీవ్ జాబ్స్‌కు చూపినాడు. జాబ్స్ తృప్తిపడలేదు. వెనుకటి రంగు మరీ నల్లగా ఉన్నది, కొన్ని గీతల మందము తప్పు, మీటలు మరీ పెద్దవి అని తప్పులెన్నినాడు. కుర్రవాడు దిద్దుకొని వచ్చినాడు. మరునాడు వేరు తప్పులు. మరల దిద్దినాడు, మరల తప్పులు. ఇట్లు కొన్ని దినములు గడచినవి. అత్తగారు వంకలు పెట్టుచున్నప్పుడు కోడలికి వండుటయే విసుగు పుట్టును. అయితే ఎస్పినోసా విసుగు వేరొక దారి పట్టినది. ఒక సాయంకాలము అతడు తెచ్చి చూపినది లెక్కల యంత్రము కాదు. లెక్కల యంత్రమును తయారుచేసికొను యంత్రము. గీతల మందము ఎంత, మీటల పరిమాణమెంత, వెనుకటి చాయ ఏది అనునవన్నియు తెరపైభాగమున వ్రేలాడు జాబితాలలో ఉంచి, ఎవరికి కావలసినట్లు వారు మార్చుకొనుటకు వీలు కల్పించినాడు. పేరు కూడ కొంటెగా జాబ్స్ పేరుతోనే పెట్టినాడు. జాబ్స్ దానిముందు కూర్చుండి సుమారు పది నిమిషములు అటుమార్చి ఇటుమార్చి, తనకు నచ్చిన రూపమొకటి నిలిపినాడు. కొన్ని నెలల తరువాత ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ ఆ రూపమునే తీసికొని అసలు యంత్రపు పైభాగమును వ్రాసినాడు. లోపలి లెక్కల భాగము డాన్ డెన్మన్‌ది. 1984 జనవరి 24న మాకింటోష్‌తోపాటు లోకమునకు వచ్చిన ఆ రూపము, ఆ కంప్యూటరుల పాత వ్యవస్థ చివరిదైన తొమ్మిదవ కూర్పు వరకు చెక్కుచెదరక నిలిచినది. 2001లో కొత్త వ్యవస్థ వచ్చిన తరువాతనే అది తెరమరుగైనది.

ఈ కథను నవ్వుకొనుటకు చెప్పుకొనువారే ఎక్కువ. కాని దీనిలో గట్టి విషయమొకటి ఉన్నది. అంతకుముందు ఒక గీత మందము మార్చవలెనన్న ప్రోగ్రాము తెలిసినవాడు పాఠములో అంకె మార్చి, యంత్ర భాషలోనికి మరల తర్జుమా చేయించి, నడిపి చూడవలెను. కోరువాడు ఒకడు, చేయువాడు మరియొకడు. నడుమ కాలము, మాటలు. ఎస్పినోసా ఆ నడిమి దూరమును తీసివేసినాడు. ప్రోగ్రాము వ్రాయుట ఎరుగని వాని చేతికే ప్రోగ్రాము రూపము చిక్కినది.

దాదాపు ఇట్టి చిక్కే కొన్ని ఏండ్లకు అలన్ కూపర్‌కు ఎదురైనది. అతడు కాలిఫోర్నియాలో స్వతంత్రముగా ప్రోగ్రాములు వ్రాసి అమ్ముకొనువాడు. మైక్రోసాఫ్ట్ సంస్థ 1985లో వెలువరించిన విండోస్‌లో తొలుత కనిపించు ముఖద్వారము అతనికి మరీ పేలవముగా తోచినది. అంతకన్న మంచిది తానే చేయవలెనని సంకల్పించినాడు. కాని ఎట్టిది చేయవలెను? వాడుకరులను అడుగగా ఒక్కొక్కరిది ఒక్కొక్క కోరిక. క్రొత్తగా నేర్చువానికి కొన్ని మీటలు చాలును; ఆరితేరినవానికి అన్నియు కావలెను. అందరికి సరిపడు ముఖద్వారము లేనేలేదని తేలినప్పుడు, ఎవరి ద్వారమును వారే కట్టుకొను సామగ్రి ఇచ్చుటయే ఉపాయమని అతనికి తట్టినది. ఎస్పినోసా ఒక్క మనిషిని తృప్తిపరచలేక చేసినదానిని కూపర్ అందరిని తృప్తిపరచలేక చేసినాడు. ఒక ప్రక్కన మీటలు, జాబితాలు, గడులు పేర్చియుండును. కావలసినదానిని మౌసుతో లాగి ఖాళీ పలకమీద వదలవచ్చును. దీనికి ట్రైపాడ్ అని పేరు. 1988లో కూపర్ దీనిని బిల్ గేట్స్‌కు చూపినాడు. గేట్స్ దానిని కొన్నాడు. రూబీ అను మారుపేరుతో కూపర్, అతని అనుచరులు దానిని తిరిగి వ్రాసి ఇచ్చినారు. ఈ నాటి రూబీ అను ప్రోగ్రాము భాషకును దానికిని సంబంధము లేదు.

అయితే 1990లో వెలువడిన విండోస్ మూడవ కూర్పులో దానికి చోటు దొరకలేదు. మైక్రోసాఫ్ట్ వారు ఆ చిత్రసామగ్రిని బేసిక్ అను భాషతో జతచేసినారు. బేసిక్ 1964లో డార్ట్‌మౌత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్స్ అను ఇద్దరు గణితాచార్యులు, శాస్త్ర విద్యార్థులు కానివారు సైతము కంప్యూటరును వాడగలుగవలెనని నిర్మించిన సులభ భాష. ఈ రెండింటి కలయికయే విజువల్ బేసిక్. 1991 మే 20న అట్లాంటా నగరములో జరిగిన ప్రదర్శనలో అది బయటికి వచ్చినది.

ఇంతలో ఫ్రాన్సు దేశీయుడు జాన్ మారీ యులో లిస్ప్ భాషలో ఇట్టి సాధనమొకటి నిర్మించి, దానిని స్టీవ్ జాబ్స్ ఆపిల్‌ను వీడి స్థాపించిన నెక్స్ట్ సంస్థకు తీసికొనిపోయినాడు. 1988లో అది ఇంటర్‌ఫేస్ బిల్డర్ అను పేరుతో ఆ సంస్థ కంప్యూటరులలో చేరినది. 1990లో టిమ్ బర్నర్స్ లీ జెనీవా దగ్గరి సెర్న్‌లో ప్రపంచపు తొలి వెబ్ బ్రౌజరును నెక్స్ట్ కంప్యూటరుమీదనే నిర్మించినాడు. పది నిమిషములు మీటలు జరుపుకొన్న జాబ్స్ చేతికి ఇట్టి సాధనమే మరల చేరుట కాకతాళీయమే కావచ్చును.

విజువల్ బేసిక్‌లో లెక్కల యంత్రము కట్టు విధమును కొంచెము నిదానముగా చూడవలెను. ఆ సాధనముతోపాటు పంచిన నమూనా ప్రోగ్రాములలో లెక్కల యంత్రము కూడ ఉండెడిది. ముందుగా తెరమీద ఫారము అను ఖాళీ పలక కనిపించును. ప్రక్కనున్న పేటిక నుండి మీటను తీసి పలకమీద గీసినచో మీట ఏర్పడును. దానిమీది అక్షరము, పరిమాణము, రంగు మొదలగు లక్షణములు ఒక పట్టికలో ఉండును. అక్కడ మార్చిన వెంటనే పలకమీద మారును. పదిహేడు మీటలు, ఒక గడి పేర్చుటకు అరగంట చాలును. అప్పుడే నడుపు మీట నొక్కినచో పెట్టె నిజముగానే తెరమీదికి వచ్చును. మీటలు లోపలికి పోయి పైకి వచ్చును. కాని లెక్క చేయదు. బొమ్మలకొలువులోని వీణవలె చూడముచ్చటగా ఉండి ఊరకుండును.

ఇప్పుడు మీటను రెండుసార్లు నొక్కిన ఖాళీ కాగితమొకటి తెరచుకొనును. ఈ మీట నొక్కినప్పుడు ఏమి జరుగవలెనో అక్కడ వ్రాయవలెను. పాత ప్రోగ్రాములు మొదటి పంక్తి నుండి చివరకు నడచిపోయెడివి. ఏమి అడుగవలెనో, ఎప్పుడు అడుగవలెనో ప్రోగ్రామే నిర్ణయించెడిది. ఇక్కడ ప్రోగ్రాము ద్వారపాలకునివలె కూర్చుండి, తలుపు తట్టినప్పుడు మాత్రమే లేచును. ఎవరు ఎప్పుడు ఏ మీట నొక్కుదురో దానికి తెలియదు. పది అంకెల మీటలకు పది వేర్వేరు కాగితములు అక్కరలేదు. వాటినన్నిటిని ఒక వరుసగా చేర్చి, నొక్కినది ఎన్నవదో తెలిసికొనుటకు ఒక సంఖ్యను వాడుదురు.

చిక్కు ఇక్కడ ఆరంభమగును. 2 నొక్కి, 5 నొక్కిన గడిలో 25 కనబడవలెను. కనుక అంకెలను కూడరాదు, ప్రక్కప్రక్కన అతికింపవలెను. తరువాత కూడిక గుర్తు నొక్కిన 25 గడిలో అట్లే ఉండవలెను. కాని ఆపైన 7 నొక్కిన 257 కారాదు. 25 పోయి 7 రావలెను. ఒకే మీట, రెండు వేర్వేరు పనులు. కనుక కడపట నొక్కినది అంకెయా, గుర్తా అనుదానిని యంత్రము గుర్తుంచుకొనవలెను. మొదటి సంఖ్యను దాచుకొనవలెను. పెండింగులో ఉన్న గుర్తును దాచుకొనవలెను. దశాంశ బిందువు ఇదివరకే పడినదో లేదో దాచుకొనవలెను. సున్నతో భాగింపుమన్నవానికి సమాధానము చెప్పవలెను. కొత్త విద్యార్థి చేసిన యంత్రములలో నూటికి తొంబది ఇక్కడనే తప్పటడుగు వేయును. బొమ్మ గీయుట సులభమైనంత మాత్రమున ఆలోచించుట సులభము కాలేదు. ఈ సాధనములను అమ్మినవారు ఆ మాటను బిగ్గరగా చెప్పలేదు.

2 + 3 × 4 అను లెక్కకు విలువ ఎంత? బడిలో గుణకారము ముందని నేర్చినవాడు 14 అనును. బజారులోని చవక యంత్రములో వరుసగా నొక్కిన 20 వచ్చును. విండోస్ లెక్కల యంత్రమే సామాన్య పద్ధతిలో 20 అనియు, శాస్త్రీయ పద్ధతిలో 14 అనియు చెప్పును. రెండును తప్పు కావు. వచ్చిన గుర్తును వెంటనే తీర్చవలెనా, తరువాతి గుర్తుకై వేచియుండవలెనా అనునది ప్రోగ్రాము వ్రాసినవాని నిర్ణయము. ఆ నిర్ణయము మీటలమీద ఎక్కడను కనబడదు.

కనబడని దోషములు ఇంకను లోతున ఉన్నవి. మూడింట ఒక వంతును దశాంశములలో వ్రాయబూనిన 0.333 అని అంతులేక సాగును. కంప్యూటరు రెంటి లెక్కలో సంఖ్యలను దాచును గనుక, దానికి పదింట ఒక వంతు సైతము ఇట్లే అంతులేనిది. ఎక్కడనో ఒకచోట తెంపక తప్పదు. అందువలన 0.1, 0.2 కలిపి 0.3 తీసివేసినచో మామూలు పద్ధతిలో సున్న రాదు. అతిసూక్ష్మమైన శేషమొకటి మిగులును. విండోస్ మూడవ కూర్పుల నాటి లెక్కల యంత్రములో 2.01 నుండి 2 తీసివేసిన 0.00 అని కనబడెడిది. కిరాణాకొట్టు గుమాస్తా సైతము నమ్మని ఈ సమాధానము అపహాస్యములకు ఎడమిచ్చినది. తరువాత మైక్రోసాఫ్ట్ వారు లోపలి లెక్కల భాగమును మొత్తము తీసివేసి, నాలుగు మూల ప్రక్రియలు కచ్చితముగా ఉండునట్లు తిరిగి వ్రాసినారు. పైరూపము మాత్రము మార్చలేదు. ఇంత పని జరిగినను ఎవరును గమనింపలేదని ఆ సంస్థ ఉద్యోగి రేమండ్ చెన్ 2004లో వ్రాసినాడు. గీత మందము మారిన అందరికి తెలియును. గణితము మారిన ఎవరికిని తెలియదు!

విజువల్ బేసిక్ 1990ల దశకములో పొందిన వ్యాప్తి అసామాన్యము. బ్యాంకు గుమాస్తాలు, ఆసుపత్రి లెక్కలు చూచువారు, చిన్న కర్మాగారముల యజమానులు తమ పనికి కావలసిన ప్రోగ్రాములను తామే కట్టుకొన్నారు. హైదరాబాదు అమీర్‌పేటలో వెలసిన శిక్షణాలయముల బోర్డులమీద ఆ దశకపు చివర ఈ పేరు కనబడని వీధి లేదు. ఇంజనీరింగు చదువని డిగ్రీ విద్యార్థులు ఎందరో తెరమీద తొలి మీటను నిలిపినది దానితోనే. 1998లో వెలువడిన ఆరవ కూర్పు దానికి పరాకాష్ఠ.

అదియే చివరిది కూడ. 2002లో మైక్రోసాఫ్ట్ అదే పేరుతో డాట్ నెట్ అను కొత్త వ్యవస్థను తెచ్చినది. పేరు ఒకటే గాని పాత ప్రోగ్రాములు అందులో ఉన్నవి ఉన్నట్లు నడువవు. పదేండ్లు కష్టించి కూర్చుకొన్న ప్రోగ్రాములను తిరిగి వ్రాయవలెనన్న ఎంత ఖర్చు, ఎంత కాలము! 2005లో మైక్రోసాఫ్ట్ సంస్థయే నిపుణులని గౌరవించినవారు వందకు పైగా చేరి, పాత భాషను బ్రతికింపుమని అర్జీ పెట్టుకొన్నారు. సంస్థ వినలేదు. 2008 ఏప్రిల్ 8తో ఆరవ కూర్పు నిర్మాణ సాధనమునకు పోషణ ఆగిపోయినది. దానితో కట్టిన ప్రోగ్రాములను నడుపుటకు కావలసిన భాగమును మాత్రము విండోస్‌తోపాటు నేటికిని ఇచ్చుచునే యున్నారు. తాళముచెవి పోయిన ఇంటిలో దీపము వెలుగుచున్నట్లు, ఆ ప్రోగ్రాములు కొన్ని చోట్ల ఇంకను పని చేయుచున్నవి. సులభమైన సాధనమును ఇతరుల చేతినుండి పుచ్చుకొన్నవాడు దానిని ఎన్నాళ్లు ఉంచుకొనవచ్చునను ప్రశ్న అప్పుడు లేచినది. దానికి తృప్తికరమైన సమాధానము ఇంతవరకు రాలేదు. 2019 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన లెక్కల యంత్రపు మూలపాఠమును ఎవరైనను చదివి మార్చుకొనుటకు వీలుగా బహిరంగపరచినది. విజువల్ బేసిక్ ఆరవ కూర్పు మూలపాఠమును అట్లు చేయలేదు.

చిత్రములతో ప్రోగ్రాము కట్టు సంప్రదాయము ఆగిపోలేదు. 2007లో ఎం.ఐ.టి. వారు పిల్లలకై వెలువరించిన స్క్రాచ్‌లోను, 2010లో గూగుల్‌లో ఆరంభమై తరువాత ఎం.ఐ.టి.కి చేరిన యాప్ ఇన్వెంటర్‌లోను మీటలను మాత్రమే కాక ఆదేశములను సైతము రంగురంగుల బిళ్లలుగా ఒకదానికొకటి తగిలింపవచ్చును. లెక్కల యంత్రము అక్కడ కూడ తొలి అభ్యాసములలో చేరిపోయినది.

ఆపిల్ సంస్థ 2010లో పలకవంటి ఐప్యాడును తెచ్చినప్పుడు అందులో లెక్కల యంత్రము లేదు. ఏమి లోపమని అడుగగా, అత్యుత్తమముగా చేయగలిగినప్పుడే చేయుదుమని ఆ సంస్థ అధికారి క్రెయిగ్ ఫెడరిగి 2020లో చెప్పినాడు. 2024లో అది వచ్చినది. అందులో మీటలు నొక్కుటయే కాక, తెరమీద కలముతో లెక్కను వ్రాసి సమానపు గుర్తు పెట్టినచో సమాధానము ప్రక్కన తానే తేలును. సదర్లాండ్ కాంతి కలముతో తొలి గీత గీసి అప్పటికి అరువదియొక్క ఏండ్లు.